ఉప్పునీటి ట్యాంకులో చేపలు మాయమవుతున్నాయి, ఒక్క కళేబరమూ దొరకలేదు

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 2, రాత్రి 11:10

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

నాది నాలుగడుగుల ట్యాంకు. కింద నీళ్లు వడపోసే తొట్టి, అదే సంప్‌తో కలిపి సుమారు 300 లీటర్లు. పెట్టి పద్నాలుగు నెలలైంది. మూడు వారాల కిందట పది చేపలుండేవి: క్లౌన్ చేపల జంట, ఐదు పచ్చ క్రోమిస్‌లు, ఒక ఫైర్‌ఫిష్, ఒక నియాన్ గోబీ, కొత్తగా తెచ్చిన పసుపు రాస్. ఇప్పుడు ఆరే కనిపిస్తున్నాయి. ముందు ఫైర్‌ఫిష్ పోయింది. వారం తిరగకుండానే క్రోమిస్‌లు ఐదు నాలుగయ్యాయి, నాలుగు మూడయ్యాయి. మే 30 నుంచి రాస్ కూడా లేదు.

నీటి సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, అమ్మోనియా సున్నా, నైట్రేట్ 10. ఏ చేప ఒంటి మీదా మచ్చ లేదు, ఏదీ తిండి మానలేదు. రాత్రి ఉన్నది పొద్దునకు ఉండదు, అంతే. ఒక్క ముల్లయినా దొరకలేదు. ఇంకొక సంగతి, రాత్రిపూట ట్యాంకు వైపు నుంచి అప్పుడప్పుడు ‘టక్’మని చప్పుడు వస్తోంది.

మా అమ్మ దిష్టి అంటోంది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు ట్యాంకు దగ్గరే ఆగిపోతారు కాబట్టి ఆవిడ వాదన ఆవిడది. మీరేమంటారు?

పొడిరాయి, డాలస్
జూన్ 2, రాత్రి 11:48

ఆ ‘టక్’ దగ్గరే నాకు విషయం తెలిసిపోయింది. నత్తలను, చేపలను కొట్టి తినే మాంటిస్ రొయ్య. సందేహం అక్కర్లేదు.

ఆరేళ్ల కిందట నా ట్యాంకులోనూ ఇదే కథ. సముద్రపు రాతి కన్నంలో దాక్కుని వచ్చింది, చిటికెన వేలంత కూడా లేదు. నాలుగు నెలల్లో ఏడు చేపలు, లెక్కలేనన్ని నత్తలు. ఈ జాతిలో నెమలి మాంటిస్ అనేదాని దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగం దాకా ఉంటుందని కొలిచారు. నత్త గుల్ల పగిలితే వచ్చే చప్పుడే మీరు వింటున్నది. వెంటనే రాళ్లన్నీ బయటికి తీయండి.

చిన్నచేప, గుంటూరు
జూన్ 3, ఉదయం 6:20

నేను మంచినీటి చేపలవాణ్ణి, తప్పుగా అడిగితే మన్నించండి. మీ ఇంట్లో పిల్లి ఉందా అండి? నా గప్పీలు పదకొండు ఇలాగే పోయాయి. చివరికి చూస్తే పక్కింటి పిల్లి.

ఉప్పునీటి ఉమ, విశాఖపట్నం
జూన్ 3, ఉదయం 7:05

నీలికెరటం గారూ, రాళ్లు తీయకండి. పద్నాలుగు నెలలు కుదురుకున్న ట్యాంకు రాళ్లన్నీ కదిపితే అడుగున పేరుకున్న మురికంతా లేచి, మిగిలిన ఆరూ ప్రమాదంలో పడతాయి.

దొంగను వెతికే ముందు దొంగతనం జరిగిందో లేదో చూడాలి. చేప కనిపించకపోవడం వేరు, చేపను ఏదో తినడం వేరు. పధ్నాలుగేళ్లలో నా దగ్గర ‘మాయమైన’ చేపల్లో సగం నేల మీదో, సంప్‌లోనో, ఇసుకలోనో దొరికాయి. కాబట్టి వీటికి జవాబు చెప్పండి. ట్యాంకు మీద మూత ఉందా? ఉంటే వెనకవైపు, పైపులు దిగేచోట ఎంత ఖాళీ ఉంది? నీళ్లు సంప్‌లోకి దిగే పెట్టె లోపల టార్చి వేసి చూశారా? రాయి ఎక్కడిది, సముద్రంలోదా, తయారుచేసినదా? చేపలు కాకుండా ట్యాంకులో ఇంకా ఏమేం ఉన్నాయి? చేపల పేర్లు వరసగా చెప్పారు, మిగతావాటి ఊసే లేదు.

ఒక మాట. అమ్మోనియా సున్నా ఉంది కాబట్టి లోపల ఏదీ చావలేదనుకోకండి. 300 లీటర్ల పాత ట్యాంకులో రెండంగుళాల చేప చస్తే, పరీక్ష సీసాలో రంగు మారకముందే పురుగులు సగం తినేస్తాయి, మిగతాది బ్యాక్టీరియా చూసుకుంటుంది.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 3, మధ్యాహ్నం 1:30

పిల్లి లేదు చిన్నచేప గారూ. ఉన్నది మూడో అంతస్తు, పక్కింటి పిల్లి కూడా రాలేదు.

ఉమగారూ, గాజు మూత ఉంది. వెనకవైపు పైపులు, వైర్ల కోసం నాలుగు వేళ్ల వెడల్పున పొడుగునా ఖాళీ వదిలారు. పెట్టె లోపల చూడలేదు, దువ్వెన లాంటి పలక తీస్తే గాని కనిపించదు. రాళ్లన్నీ పింగాణీవి, దుకాణంలో పొడిగా కొన్నవే. ఒక్కటి మాత్రం, పిడికిలంతది, ట్యాంకు ఎత్తేస్తున్న ఒక స్నేహితుడు మార్చిలో ఇచ్చాడు.

మిగతావి: శుభ్రం చేసే ఎర్ర రొయ్యలు రెండు, హెర్మిట్ పీతలు ఎనిమిది, నాసారియస్ నత్తలు పది దాకా, ఒక బ్రిటిల్ స్టార్ (నక్షత్రచేప లాంటిదే, ఐదు సన్నని పొడుగాటి చేతులుంటాయి). ఇవన్నీ చెత్త ఎత్తే బృందమే కదా అని రాయలేదు.

ఉప్పునీటి ఉమ, విశాఖపట్నం
జూన్ 3, మధ్యాహ్నం 1:52

బ్రిటిల్ స్టార్ ఏ రంగు?

పొడిరాయి, డాలస్
జూన్ 3, రాత్రి 8:15

ఇంకేముంది, ఆ పిడికిలంత రాయే! దానిలోనే వచ్చింది. దాన్నొక్కదాన్నే బయటికి తీసి, ఉప్పు ఎక్కువ కలిపిన నీళ్ల బకెట్‌లో ముంచండి. లోపల ఉన్నవన్నీ ఆ ఉప్పు తట్టుకోలేక బయటికి వస్తాయి.

మాంటిస్ కాకపోతే బాబిట్ పురుగు. 2009లో ఇంగ్లండ్‌లోని న్యూక్వేలో ఒక పెద్ద అక్వేరియంలో చేపలు పోతూ, పగడాలు తెగిపడుతూ ఉంటే ఎవరికీ కారణం అంతుపట్టలేదు. చివరికి ఒక్కొక్క రాయే విప్పుకుంటూ వెళితే నాలుగడుగుల పురుగు బయటపడింది. ఎర వేసి పట్టబోతే దారం కొరుక్కుని పోయేదట. వార్తల్లో దానికి బ్యారీ అని పేరు కూడా పెట్టారు.

నిర్వాహకుడు
జూన్ 3, రాత్రి 9:00

ఈ చర్చ చదివే కొత్తవారి కోసం ఒక చిన్న గమనిక. మన దేశంలో సముద్రం నుంచి తీసిన పగడపు రాయి కొనడం, అమ్మడం విషయంలో జాగ్రత్త అవసరం. 2001లో గట్టి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా చేర్చారు. డాలస్‌లో దుకాణంలో దొరికేది ఇక్కడ నేరం కావచ్చు. చర్చ కొనసాగించండి.

కొలత్తూరు కుమార్, చెన్నై
జూన్ 3, రాత్రి 10:25

క్రోమిస్‌ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నేను చెబుతాను. పచ్చ క్రోమిస్‌లు ఐదు కొన్నవారి దగ్గర ఏడాదికి ఒకటో రెండో మిగులుతాయి. దీనికి ఏ పురుగూ అక్కర్లేదు. సముద్రంలో వందల గుంపులో ఉండే చేప, ట్యాంకులో ఐదు ఉంటే అన్నిటికంటే బలహీనమైనదాన్ని మిగతా నాలుగూ పొడుస్తాయి. అది రాతి మూలకు చేరి తిండి లేక పోతుంది. ఇక తరువాతి వంతు ఇంకొకదానిది. చేపల దుకాణాలుండే మా కొలత్తూరు వీధుల్లో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను. ‘గుంపుగా తీసుకోండి సార్, అందంగా ఉంటుంది’ అని అమ్మని దుకాణం చూడలేదు, ఈ సంగతి చెప్పిన దుకాణమూ చూడలేదు.

కాబట్టి నాలుగు చేపలకూ ఒకడే హంతకుడని మీరెందుకు అనుకుంటున్నారో నాకు అర్థం కావడం లేదు.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 4, ఉదయం 9:40

ఫైర్‌ఫిష్ దొరికింది.

రాత్రి ఆ నాలుగు వేళ్ల ఖాళీ గురించి ఆలోచిస్తూనే పడుకున్నాను. పొద్దున్నే ట్యాంకు బల్లను గోడ నుంచి జానెడు జరిపి ఫోను వెలుగులో చూశాను. గోడ వారగా చీమల బారు. దాని వెంట వెళితే వోల్టేజ్ పెట్టె కింద ఉంది. అరంగుళం మందం దుమ్ములో, అగ్గిపుల్లలా బిగుసుకుపోయి. వెన్ను మీద నిలువుగా లేచే ఆ పొడుగాటి రెక్క మాత్రం విరగలేదు. అది చూసే పోల్చుకున్నాను. కళ్లు, పొట్ట చీమలు తినేశాయి. మూడు వారాలుగా నేను ఆ బల్ల ముందే కుర్చీ వేసుకుని లోపల దొంగను వెతుకుతున్నాను.

ఉప్పునీటి ఉమ, విశాఖపట్నం
జూన్ 4, ఉదయం 10:10

అయ్యో. ఫైర్‌ఫిష్‌కు భయం వేస్తే పైకే దూకుతుంది, అది దాని జాతి లక్షణం. గాజు మూతలో వేలెడు సందు చాలు. ఇవాళే ఆ ఖాళీని దోమతెర గుడ్డతోనైనా మూయండి, తరువాత తీరిగ్గా సన్నని పారదర్శక వల తెచ్చి చట్రం కట్టించుకోవచ్చు. రాస్‌లు కూడా దూకుతాయి కాబట్టి బల్ల చుట్టూ, సోఫా కింద కూడా చూడండి. నాకొక గోబీ వంటింటి గుమ్మం దగ్గర దొరికింది, ట్యాంకుకు పదడుగుల దూరంలో.

ఇంకా ఆ పెట్టె పలక తీయలేదు మీరు.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 4, రాత్రి 10:50

ఉమగారూ, మీకు రెండు చేతులా నమస్కారం. పలక తీసి టార్చి వేస్తే పెట్టె అడుగున, పైపు పక్కన ఒక క్రోమిస్ నిలబడి ఉంది, ప్రాణంతోనే! పొట్ట లోపలికి పోయింది, రంగు వెలిసింది. వెల్లువలో కొట్టుకొచ్చే తిండి గింజల మీదే ఇన్నాళ్లూ బతికినట్టుంది. టీ వడపోసే జల్లెడతో తీసి ట్యాంకులో వేశాను. అమ్మ కొత్త జల్లెడ కొనుక్కోమంది.

సోఫా కింద రాస్ లేదు. రెండు గోళీలు, ఒక రిమోట్ దొరికాయి.

పొడిరాయి గారు చెప్పినట్టు ఆ పిడికిలి రాయిని కూడా ఉప్పునీళ్లలో ముంచాను. పది నిమిషాల్లో వేలెడంత ముళ్ల పురుగులు రెండు, గోరంత పీత ఒకటి బయటికి వచ్చాయి. ఇంకేమీ లేదు.

పొడిరాయి, డాలస్
జూన్ 4, రాత్రి 11:30

ఆ పీత కాళ్లకు వెంట్రుకలున్నాయా? పట్టుకారు లాంటి ముందుకాళ్ల చివర నల్లగా ఉందా? ఉంటే అదే మన మనిషి.

కొలత్తూరు కుమార్, చెన్నై
జూన్ 4, రాత్రి 11:41

గోరంత పీత మూడంగుళాల రాస్‌ను తింటే, ఆ పీతకు మనం సన్మానం చేయాలి.

ఎర్రటార్చి, బెంగళూరు
జూన్ 5, ఉదయం 8:00

ఆ ‘టక్’ సంగతి తేల్చుకోండి, లేకపోతే మాంటిస్ మనల్ని వదలదు. ఫోనులో రెండు గంటల పాటు రికార్డు పెట్టి, ఏయే నిమిషాల్లో వినిపించిందో రాసుకోండి.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 6, ఉదయం 7:15

రాత్రి 12 నుంచి 2 దాకా పెట్టాను. 12:09, 12:31, 12:54, 1:16, 1:38.

ఎర్రటార్చి, బెంగళూరు
జూన్ 6, ఉదయం 7:30

ఇంచుమించు ఇరవై రెండు నిమిషాలకొకసారి. ఏ రొయ్యా గడియారం చూసుకుని నత్తలను కొట్టదు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఉందా మీ దగ్గర?

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 6, ఉదయం 7:34

ఉంది. ఎండాకాలం కదా, మే నుంచి పెట్టాను. ఇప్పుడే వెళ్లి దాని ఉష్ణోగ్రత పెట్టె మీద చెవి పెట్టాను. టక్. లోపలి రిలే, అంటే దానంతటదే పడే కరెంటు స్విచ్చి.

పొడిరాయి, డాలస్
జూన్ 6, రాత్రి 7:50

సరే, చిల్లర్‌కు నా క్షమాపణలు.

ఉప్పునీటి ఉమ, విశాఖపట్నం
జూన్ 6, రాత్రి 8:30

ఇందులో నవ్వుకోవాల్సిందేమీ లేదు పొడిరాయి గారూ, మీ సలహా సముద్రపు రాయి ఉన్న ట్యాంకుకైతే సరైనదే. ఇక్కడి ఫిషింగ్ హార్బర్‌లో వలల్లో మాంటిస్‌లు రోజూ పడతాయి, వాటి పనితనం నాకు తెలుసు. కానీ ఈయన రాయి పొడిగా కొన్న పింగాణీ. అందులోంచి బయటి జీవి పుట్టుకు రాదు. పిడికిలి రాయి ముంచి చూశారు, ఏమీ లేదు. అంటే ట్యాంకులో వేటాడేది ఏదైనా ఉంటే అది దొంగచాటుగా వచ్చింది కాదు, ఈయన డబ్బులిచ్చి తెచ్చుకున్నదే. ఆ జాబితా చాలా చిన్నది.

నా ప్రశ్న మూడు రోజుల కిందటిది. బ్రిటిల్ స్టార్ ఏ రంగు?

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 8, ఉదయం 8:05

ఊరు వెళ్లడంతో రెండు రోజులు రాయలేకపోయాను. ముందు శుభవార్త. రాస్ వచ్చింది!

పొద్దున లైటు వెలిగిన పావుగంటకు కుడివైపు మూలలో ఇసుక పగిలినట్టయింది, చిన్న ముక్కు బయటికి వచ్చి నిలిచింది. నేను ఊపిరి బిగబట్టుకుని చూస్తూ ఉంటే అర నిమిషానికి మొత్తం చేప, పసుపు కొమ్ములా. కొంచెం చిక్కింది, అంతే. తొమ్మిది రోజులు ఇసుకలోనే ఉందా ఇది?

స్టార్ పచ్చదే ఉమగారూ. ఆకుపచ్చ, చేతుల మీద నల్లని గీతలు. గత అక్టోబరులో తెచ్చాను, అప్పుడు అరచేతిలో పట్టేది. ‘ఇసుకలో మురికి ఉండనివ్వదు, ఎవరి జోలికీ పోదు’ అన్నాడు దుకాణదారు. ఇప్పుడు ఒక్కొక్క చేయి జానెడు ఉంటుంది. పగలు రాతి కింద నుంచి చేతుల కొనలే కనిపిస్తాయి.

ఉప్పునీటి ఉమ, విశాఖపట్నం
జూన్ 8, ఉదయం 9:20

రాస్ సంగతి సంతోషం. ఈ పసుపు జాతి రాత్రి ఇసుకలోనే పడుకుంటుంది. కొత్త ట్యాంకులో బెదిరితే వారం పది రోజులు పైకి రాదు. క్లౌన్ ఆడచేప తరిమి ఉంటుంది. ఇసుక మూడంగుళాలైనా ఉంచండి, ఆ మూలను తవ్వకండి.

ఇక ఆ పచ్చ స్టార్. బ్రిటిల్ స్టార్‌లలో చాలా జాతులు నిజంగానే అమాయకపు చెత్త ఎత్తుడు జీవులు. ఈ పచ్చది మాత్రం వేరు. పెద్దదయ్యాక పడుకున్న చేపలను పడుతుంది. పడుతోందని నేను ఇప్పుడే అనను, ఇప్పటిదాకా నాలుగింటిలో మూడింటి ఆచూకీ అది లేకుండానే తెలిసింది కదా. రాత్రి కాపలా కాసి చూడండి.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 9, ఉదయం 7:00

కాపలా కాయకముందే గోబీ పోయింది. నిన్న రాత్రి తొమ్మిదికి దాని మామూలు చోటే, నడిమి రాతి అంచున అతుక్కుని ఉంది. పొద్దున లేదు. మూత వెనక దోమతెర బిగించే ఉంది, పెట్టె చూశాను, సంప్ చూశాను, బల్ల చుట్టూ నేల తుడిచినంత పని చేశాను. అది ఇసుకలో దూరే చేప కాదు. ఈసారి నిజంగానే ఎవరో తిన్నారు.

చిన్నచేప, గుంటూరు
జూన్ 9, ఉదయం 7:25

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చాలా బాధగా ఉందండి.

ఎర్రటార్చి, బెంగళూరు
జూన్ 9, ఉదయం 9:10

ఈశ్వరుడి దగ్గర ఎర్ర టార్చి లేదు. మామూలు టార్చికి ఎర్రటి సెల్లోఫేన్ కాగితం నాలుగు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. సముద్రపు అడుగున తిరిగే జీవుల్లో చాలావాటికి ఎరుపు సరిగా కనిపించదు, మీరు ఉన్నట్టే తెలియదు. లైట్లు ఆర్పిన రెండు గంటల తరువాత మొదలుపెట్టండి.

దానికి ముందు ఒక పరీక్ష. పోయిన చేపంత పచ్చి చేప ఒకటి తెచ్చి, రాత్రి ఇసుక మీద పెట్టి, ఎంతసేపట్లో మాయమవుతుందో, ఎవరెవరు వస్తారో చూడండి. ‘కళేబరం లేదు’ అన్న మీ శీర్షికకు ఎంత విలువ ఇవ్వాలో తేలుతుంది.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 10, ఉదయం 7:40

మార్కెట్‌లో పచ్చి నెత్తళ్లు దొరికాయి. రెండంగుళాల నెత్తల్లి ఒకటి కడిగి, రాత్రి 11కు ముందుభాగంలో ఇసుక మీద పెట్టాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నిమిషం కూడా కాలేదు, చుట్టూ ఇసుకలోంచి నాసారియస్ నత్తలు లేచాయి. ముందు పుల్లలా ఒక గొట్టం, దాని వెనక గుల్ల. పరుగు లాంటి నడక. నాలుగు నిమిషాలకు ఆరు నత్తలు చేప మీద. పదో నిమిషంలో రాతి అడుగు నుంచి ముళ్ల పురుగులు, నేను ట్యాంకులో ఎన్నడూ చూడనన్ని. వాటి వెనక హెర్మిట్ పీతలు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. పావుగంటకు రాతి కింద నుంచి ఒక పచ్చ చేయి వచ్చింది, తరువాత రెండోది. అవి చేపను నత్తలతో సహా చుట్టి లోపలికి లాగాయి. నత్తలు జారి పడ్డాయి, చేప పోయింది. మొత్తం 17 నిమిషాలు.

ఎర్రటార్చి, బెంగళూరు
జూన్ 10, ఉదయం 8:15

మీ ఇంట్లో రాత్రి పదకొండుకు చచ్చిన చేప పదకొండుంబావు దాటాక ఉండదన్నమాట. కాబట్టి ముళ్ల పురుగుల మీద కోపం పెట్టుకోకండి. చేప చుట్టూ అవి కనిపిస్తే అవే చంపాయని చాలామంది వలలు వేసి పట్టి పారేస్తారు. ఆరోగ్యంగా ఈదే చేపను అవి పట్టలేవు, భోజనానికి మాత్రం వస్తాయి. స్టార్ చచ్చినదాన్ని తింటుందని తెలిసింది. బతికినదాన్ని పడుతుందా అన్నది ఇంకా తెలియలేదు.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 12, రాత్రి 2:20

చూశాను. చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

మొన్న రాత్రి ఏమీ లేదు. ఇవాళ ఒంటి గంట దాటాక ఎర్ర టార్చి వేస్తే స్టార్ పూర్తిగా బయట ఉంది, నడిమి రాతి కింద చూరు లాంటి చోట. పాకడం లేదు, నిలబడి ఉంది. ఐదు చేతుల కొనలూ ఇసుక మీద ఆనించి, నడుమ బిళ్లను పైకెత్తి, చిన్న గుడారం వేసినట్టు. కదలదు. ఎవరైనా చూస్తే చక్కని నీడ, దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదనుకుంటారు. నేను ఏడెనిమిది నిమిషాలు చూశాను. రొయ్యల్లో చిన్నది మీసాలు ఊపుకుంటూ వచ్చి ఆ గుడారంలోకి నడిచింది.

అప్పుడు చేతులన్నీ ఒకేసారి ఒకే వైపు తిరిగాయి. తడిగుడ్డ పిండుతాం చూడండి, అలా. గుడారం కాస్తా మెలితిరిగిన స్తంభమైపోయింది, బిళ్ల కిందికి దిగింది. నేను మూత ఎత్తి చేయి పెట్టేశాను. నీళ్లు కదిలేసరికి మెలి కొంచెం సడలింది, రొయ్య వెనక్కి ఎగిరి పడింది. ఒక మీసం పోయింది, మనిషి దక్కింది. నా చొక్కా మోచేయి దాకా ఉప్పునీళ్లే.

ఉప్పునీటి ఉమ, విశాఖపట్నం
జూన్ 12, ఉదయం 6:10

అదే దాని వేట పద్ధతి. తరమదు, ఇల్లు కట్టి చూపిస్తుంది. రాత్రి తల దాచుకునే చోటు వెతికే చిన్న చేప తనంత తానే లోపలికి వెళుతుంది. గోబీ అలాగే వెళ్లి ఉంటుంది.

నన్ను వేధిస్తున్నది ఇంకొకటి. ఎనిమిది నెలలు ఊరుకున్నది ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టింది? పెరిగింది, నిజమే. ఈ మధ్య చేపలకు తిండి ఏమైనా తగ్గించారా?

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 12, ఉదయం 8:45

తగ్గించాను. ఏప్రిల్‌లో నైట్రేట్ 40 దాటితే భయపడి, రోజుకు రెండుసార్లు వేసేది ఒకసారి చేశాను, అదీ అడుగుకు ఒక్క గింజ చేరకుండా. వారానికొకసారి ఇచ్చే రొయ్య ముక్కలు పూర్తిగా మానేశాను. నైట్రేట్ 10కి దిగిందని ఇక్కడే గొప్పగా రాసుకున్నాను.

కొలత్తూరు కుమార్, చెన్నై
జూన్ 12, ఉదయం 9:05

చెత్త ఎత్తడానికి తెచ్చారు, చెత్త లేకుండా చేశారు. అది మాత్రం ఏం చేస్తుంది పాపం.

పట్టేటప్పుడు చేయి పట్టి లాగకండి. దాని చేయి అక్కడికక్కడ ఊడి మీ చేతిలో ఉంటుంది, మిగతాది రాతిలోకి పోతుంది. బ్రిటిల్ అంటేనే పెళుసు, పేరులోనే ఉంది. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు జానెడు ముక్క, ఒక చివర మూసి, లోపల రొయ్య ముక్క పెట్టి రాతి పక్కన పడుకోబెట్టండి. ఒళ్లంతా లోపలికి వెళ్లాక తీరిగ్గా ఎత్తండి.

నీలికెరటం, హైదరాబాద్
జూన్ 16, రాత్రి 11:55

పట్టాను. మొదటి రాత్రి తొందరపడి ఒక చేయి బయట ఉండగానే పైపు ఎత్తాను. కుమార్ గారు చెప్పినట్టే బొటనవేలంత ముక్క తెగి ఇసుక మీద పడింది, పడి కూడా పావుగంట మెలికలు తిరిగింది. రెండు రాత్రులు అది పైపు మొహం చూడలేదు. ఇవాళ ఆకలి గెలిచింది. ఇప్పుడు సంప్‌లో నాచు పెంచే గదిలో ఉంది. అక్కడ చేపలు లేవు, పైన వల ఉంది.

దుకాణానికి తిరిగి ఇద్దామనుకున్నాను. ఇంకెవరికో అదే మాట చెప్పి అమ్ముతాడు కదా అని మానేశాను.

పొడిరాయి, డాలస్
జూన్ 17, ఉదయం 7:10

మంచి పని చేశారు. తెగిన చేయి కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. అయినా నా మాంటిస్ వాదన ఈ చర్చ వరకే వెనక్కి తీసుకుంటున్నాను, శాశ్వతంగా కాదు.

నీలికెరటం, హైదరాబాద్
జులై 20, రాత్రి 9:30

నెల దాటింది కాబట్టి కబురు చెబుతున్నాను. జూన్ 9 తరువాత ఒక్కటీ పోలేదు. రోజూ లైటు ఆర్పేముందు లెక్క పెట్టడం అలవాటైంది: క్లౌన్‌లు రెండు, క్రోమిస్‌లు నాలుగు, రాస్ ఒకటి. పెట్టెలో దొరికిన క్రోమిస్ ఇప్పుడు అన్నిటికంటే లావు, మిగతావాటిని అదే తరుముతోంది. మూతకు వల చట్రం కట్టించాను. ఆ తరువాతే కొత్త ఫైర్‌ఫిష్ గురించి ఆలోచిస్తున్నాను, ఇంకా కొనలేదు.

సంప్‌లో స్టార్‌కు మూడు రోజులకొక రొయ్య ముక్క. ఆ పని అమ్మ తీసుకుంది. మూత తీసిన చప్పుడుకే ఒక చేయి పైకి లేపుతుందని, మొండి చేయి కూడా మొలకెత్తుతోందని రోజూ నాకు చెబుతోంది.

ఉప్పునీటి ఉమ, విశాఖపట్నం
జులై 20, రాత్రి 9:50

క్రోమిస్‌లు ఐదు కదా మొదట. ఒకటి పెట్టెలో దొరికింది. రెండోది?

నీలికెరటం, హైదరాబాద్
జులై 20, రాత్రి 10:02

తేలలేదండి. తోటివే పొడిచాయో, స్టార్ గుడారంలోకి వెళ్లిందో. అమ్మ మాత్రం ఆ ఒక్కదాన్ని దిష్టి ఖాతాలో రాసుకుంది. ట్యాంకు బల్లకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఉప్పునీళ్లు చిందితే తీగ తుప్పు పడుతుందని చెప్పి, నూలు దారానికి మార్పించాను.